సంగటి ముద్ద, షుగరు లెక్క



కర్నూలు పెద్దాసుపత్రిలోనో కడప రిమ్స్‌లోనో రక్తపరీక్ష కాగితం చేతికొచ్చిన మనిషికి డాక్టరు కన్నా ముందు పక్కనున్న చుట్టమే సలహా చెప్పేస్తాడు. "అన్నం ఇడ్సిపెట్టి సంగటి తినుపో అన్నా, షుగరు దానంతట అదే దిగుతాది." ప్రేమతో చెప్పే మాటే, సగం నిజం కూడా. మిగతా సగం తెలియక, పూటకు రెండేసి ముద్దలు తింటూ మాత్రలు పక్కన పెట్టేసేవాళ్ళున్నారు. కొన్ని నెలలకు కాళ్ళ తిమ్మిరితో మళ్ళీ అదే ఆసుపత్రి మెట్లెక్కుతారు.

సంగటి ఎట్లా వండుతారో రాయలసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ముందు బియ్యమో నూకలో మెత్తగా ఉడకాలి. దాని మీద రాగిపిండి పోసి, మూతపెట్టి, కట్టెతో గెలికి, తడిచేత్తో ముద్ద చేయాలి. లెక్క ఇక్కడే మొదలవుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం, 11 గ్రాముల పీచు ఉంటాయి. మరపట్టిన బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, పీచు 3 గ్రాములు కూడా ఉండదు. పీచులో రాగిదే పైచేయి. సున్నం, అంటే కాల్షియం, పాలలో కంటే మూడింతలు. అందుకే రాగి మంచి తిండి అనడంలో సందేహం లేదు.

అయితే ఒక ముద్దలో 100 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల నూకలు పడ్డాయనుకుందాం. రాగి నుంచి 67, బియ్యం నుంచి 39, మొత్తం 106 గ్రాముల పిండిపదార్థం. 135 గ్రాముల బియ్యంతో వండిన అన్నంలోనూ ఉండేది అంతే. పైగా పిండి మెత్తగా మరాడించిందైతే తొందరగా అరుగుతుంది, తొందరగా రక్తంలోకి చక్కెరగా చేరుతుంది. ఇంట్లో నూకల పాలు పెరిగి రాగిపిండి తగ్గినకొద్దీ పేరుకు సంగటే కానీ షుగరు లెక్కలో అది అన్నమే. రెండో ముద్ద అడిగే ముందు పళ్ళెంలోకి పప్పో ఆకుకూరో ఇంకో గరిటె వేసుకుంటే మేలు. ముద్ద ఒకటి, అదీ చిన్నది, పక్కన చింతాకు పప్పో ఉలవల చారో మెండుగా, కోడిగుడ్డో చికెనో అలవాటుంటే అదీ. సంగటి మందులా పనిచేసేది ఆ కొలతలోనే.

ఇంతకీ షుగరు జబ్బులో జరుగుతున్నదేమిటి? తిన్నది రొట్టె అయినా అన్నమైనా కడుపులో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. అది కండరాల్లోకి పోవాలంటే క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ కావాలి. కర్నూలు-కడప (కె.సి.) కాలువ నిండా నీళ్ళున్నా తూము తెరుచుకోకపోతే పక్కనున్న మడి ఎండుతుంది, కాలువ మాత్రం గట్టు దాకా నిండి గట్టును కోస్తుంది. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే టైప్ 2 మధుమేహం తీరు అదే. ఇన్సులిన్ ఉన్నా శరీరం దాని మాట సరిగా వినదు, కొన్నేళ్ళకు క్లోమం కూడా అలసిపోతుంది. కండరాలకు శక్తి చాలక నీరసం, రక్తంలో మిగిలిపోయిన చక్కెర వల్ల రక్తనాళాలకు దెబ్బ. కళ్ళు, మూత్రపిండాలు, గుండె, పాదాలు ఏళ్ళ తరబడి ఆ కోతకు గురవుతాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే టైప్ 1 వేరు. అందులో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు కాబట్టి సూది తప్పదు. అలాంటి పిల్లలకు నాటుమందు నమ్మి సూది ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలకు బతుకు ఆశే ఉండేది కాదు.

"నేనేం తీపి తింటిని గనక నాకొచ్చె?" సన్నగా, ఎండకు నల్లబడి, రోజంతా చేలో వంగి పనిచేసిన మనిషి అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న. షుగరు లావుపాటి పట్నంవాళ్ళ జబ్బు అనే నమ్మకం ఇంకా పోలేదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. పెద్దవాళ్ళలో వందకు 11 మందికి పైగా షుగరు ఉంది, మరో 15 మంది దాని గడపలో ఉన్నారు. పట్నాల్లో వందకు 16 దాటితే పల్లెల్లో 9 దగ్గర ఉంది. పల్లెకు ఆ 9 చిన్న సంఖ్య కాదు, ఎందుకంటే పరీక్షకు వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది.

సన్నగా ఉన్నవాళ్ళకు ఎందుకొస్తుందనే దానికి పుణె డాక్టరు సి.ఎస్. యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డల దగ్గర ఒక జవాబు వెతికింది. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డ చిన్నది, కండ తక్కువది, కానీ కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కడుపులో ఉన్నప్పుడు తల్లికి తిండి చాలకపోతే బిడ్డ శరీరం కొద్దిపాటి తిండితో బతకడానికి సిద్ధమవుతుంది. పెద్దయ్యాక కూర్చునే పని, తెల్లన్నం, నూనె దొరికితే ఆ శరీరం తట్టుకోలేదు. 1944-45 చలికాలంలో ఆకలికి చిక్కిన హాలండులో, ఆ నెలల్లో గర్భంలో ఉన్న బిడ్డల్ని యాభై ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే గ్లూకోజును అదుపు చేసే శక్తి తగ్గి కనిపించింది.

కరువంటే సీమకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 1876-78 ధాత కరువు తర్వాత జనాభా లెక్కలు చూస్తే కర్నూలు జిల్లాలో పదేళ్ళలో సుమారు నాలుగో వంతు మంది తగ్గిపోయారు. ఆనాటి కరువును ఈనాటి షుగరుకు నేరుగా ముడిపెట్టడం సరికాదు. కానీ గర్భిణి తిండికీ, ఆమె బిడ్డకు యాభయ్యో ఏట వచ్చే జబ్బుకూ సంబంధం ఉందన్నది మాత్రం కరువు నేలలో ప్రతి అంగన్‌వాడీ, ప్రతి అత్తగారూ గుర్తు పెట్టుకోవలసిన విషయం. సన్నటి ఒంట్లోనూ కొవ్వు దాగి ఉండవచ్చు కాబట్టి మన దేశంలో తూకం యంత్రం ఒక్కటే చాలదు, టేపు కూడా కావాలి. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే, చేతులు కాళ్ళు పుల్లల్లా ఉన్నా సరే, పరీక్ష చేయించుకోవాలి.

పళ్ళెం కూడా మారింది. జొన్న, కొర్ర, సజ్జ, ఆరిక పండే మెట్టనేలలో వరి అన్నం ఒకప్పుడు పండగ తిండి. 1860ల్లో తవ్వకం మొదలైన కె.సి. కాలువ కింద వరి వచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో కాలువ లేని ఊళ్ళకూ అన్నం రోజూ చేరింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పుపట్టడం అన్యాయం. కానీ తిండి అన్నానికి మారిన కాలంలోనే ట్రాక్టరు, మోటారుసైకిలు వచ్చి ఒంటి శ్రమ తగ్గింది. ఆ రెండూ కలిసి పడ్డాయి. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం సూర్యనంది లాంటి కొర్ర రకాలు ఇచ్చింది. రెండున్నర నెలల్లోపే చేతికొచ్చే పంట అది. కొర్రన్నం మళ్ళీ పట్నంలో ఖరీదైన తిండిగా తిరిగొచ్చింది కానీ, పండించిన ఇంట్లోనే అది కనబడకపోవడం బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు కర్నూలు, నంద్యాల అంగళ్ళలో 'షుగర్ ఫ్రీ బియ్యం' అని సంచుల మీద కనిపిస్తోంది. చాలావరకు అది హైదరాబాదు రాజేంద్రనగర్‌లో తయారై 2015లో విడుదలైన ఆర్‌ఎన్‌ఆర్ 15048, తెలంగాణ సోనా. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక దానికి 51 దగ్గర ఉందని తేల్చారు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కొలిచినప్పుడు సోనా మసూరికి 72, పొన్నికి 70 వచ్చింది. తేడా నిజమే, మంచి రకమే. అయినా చక్కెర లేని బియ్యమంటూ ఏదీ లేదు. ఆ పేరు నమ్మి ఇంకో గరిటె పెట్టించుకుంటే వచ్చిన లాభం అక్కడే పోతుంది.

పొద్దున ఉగ్గాని సంగతి కూడా ఇట్లాంటిదే. బొరుగులు చేతికి తేలిక, కడుపుకు తేలిక, కానీ షుగరుకు మాత్రం బరువు. బాగా వేడిమీద పొంగిన బియ్యం కాబట్టి ఇట్టే అరిగిపోతాయి. ఉగ్గాని మానమంటే కర్నూలులో ఎవరూ వినరు, మానక్కర్లేదు కూడా. బొరుగులు సగానికి తగ్గించి, పుట్నాలపొడి, ఉల్లిగడ్డలు, టమాటాలు దండిగా వేసి, బజ్జీకి బదులు ఉడికిన గుడ్డో గుగ్గిళ్ళో పెట్టుకోవచ్చు. పులివెందుల వైపు చీనీకాయలు తొనలుగా ఒలుచుకొని తినాలి. రసం తీస్తే నాలుగు కాయల చక్కెర, పీచు లేకుండా, ఒక్క గ్లాసులో దిగుతుంది. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి పండును ఆ ప్రాంతంవాళ్ళే ముట్టకూడదంటే ఎట్లా? షుగరు అదుపులో ఉన్నవాళ్ళు సగం పండు, భోజనం పైన కాకుండా సాయంత్రం వేళ తినొచ్చు. ఉగాదికి ఓళిగ ఒకటి తిన్నా ఆ పూట అన్నం, సంగటి తగ్గించుకోవాలి. చక్కెర బదులు బెల్లం వాడితే ఏమీ కాదనే మాట మాత్రం వదిలేయాలి. బెల్లంలో వందకు 85 పాళ్ళు చక్కెరే.

మెంతుల విషయంలో ఒక నిజం ఉంది. హైదరాబాదు పోషకాహార సంస్థ పరిశోధకులు 1990 ప్రాంతంలో మెంతిపిండి ఇచ్చి చూసి, రక్తంలో చక్కెర తగ్గిందని తేల్చారు. కానీ అది మామూలు వైద్యానికి తోడుగా ఇచ్చింది, బదులుగా కాదు. ఊరూరా తిరిగి 'మాత్రలు మాన్పిస్తాం' అంటూ పొడులు అమ్మేవాళ్ళు ఈ రెండో మాట చెప్పరు.

పరీక్షల లెక్క క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పరగడుపున 126, గ్లూకోజు నీళ్ళు తాగిన రెండు గంటలకు 200, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి 6.5, వీటిలో ఏది వచ్చినా, ఇంకోసారి చూసి నిర్ధారించుకుంటే, షుగరు ఉన్నట్టే. చాలామందికి సగటును 7 లోపు ఉంచడం లక్ష్యం. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళలో ఈ సగటు పరీక్ష తప్పు చూపించవచ్చు. ఇనుము లోపం వల్ల ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూడమని డాక్టరును అడగాలి. ఏడాదికొకసారి కంటి వెనక పొర, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ చూపించుకోవాలి. కళ్ళు మసకబారాక పోతే అప్పటికే ఆలస్యమైనట్టు.

నడక గురించి అందరూ చెబుతారు, ఎప్పుడు నడవాలో తక్కువమంది చెబుతారు. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. అందుకే తిన్నాక పది పదిహేను నిమిషాల నడక మంచి ఫలితమిస్తుంది. చెన్నై డాక్టరు ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, షుగరు గడపలో ఉన్న మనవాళ్ళు తిండి, నడక మార్చుకుంటే మూడేళ్ళలో జబ్బుగా మారే ప్రమాదం 28 శాతానికి పైగా తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో వచ్చిన ఫలితమూ దాదాపు అంతే.

కూలికి పోయేవాళ్ళకు ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర పొద్దున వేసుకుని, తినకుండా, ఎండలో కలుపు తీస్తే షుగరు 70 కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్ళు తిరగడం, మాట తడబడటం. ఎండదెబ్బ అనుకుని చెట్టు కింద పడుకోబెడతారు. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. తెలివి తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి. చేలోకి పోయే మనిషి కొంగులో చక్కెర పొట్లం ఉండాలి, పక్క మనిషికి అది ఎందుకో తెలిసి ఉండాలి.

పాదాల దగ్గర కొంచెం నిలబడాలి. కర్నూలు, కడప జిల్లాల ఇళ్ళ ముందు అరుగులకూ వాకిళ్ళకూ, గుళ్ళ ఆవరణలకూ పరిచేది నాపబండ. మే నెల మధ్యాహ్నం దాని మీద మామూలు మనిషి అడుగు పెట్టలేడు. షుగరుతో నరాలు మొద్దుబారినవాడు పెడతాడు, ప్రదక్షిణ కూడా పూర్తి చేస్తాడు. సాయంత్రానికి అరికాలు బొబ్బలెక్కుతుంది. నొప్పి లేదు కాబట్టి రెండు రోజులు పట్టించుకోడు. చేలగట్ల మీద సర్కారు తుమ్మ ముల్లు దిగినా అంతే, చీము కారేదాకా తెలియదు. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల దారిన శ్రీశైలానికి నడిచే భక్తుల్లో షుగరున్నవాళ్ళు డాక్టరుకు పాదాలు చూపించుకోకుండా వట్టికాళ్ళతో బయలుదేరకూడదు. రోజూ రాత్రి అరికాళ్ళు, వేళ్ళ సందులు దీపం వెలుగులో చూసుకోవాలి. కళ్ళు ఆనకపోతే అద్దం పెట్టుకోవాలి, లేదా మనవడో కోడలో చూడాలి. ఆనెలు బ్లేడుతో కోసుకోకూడదు. తిమ్మిరి పోతుందని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకూడదు. చిన్న పుండయినా రెండు రోజుల్లో మానే దారి పట్టకపోతే ఆసుపత్రికే.

సీమ ఎండ ఇన్సులిన్‌కూ శత్రువే. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టిందా, పనికిరాదు. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో నాలుగు వారాలు ఉంటుంది. కెన్యాలోని శరణార్థి శిబిరంలో ఉష్ణోగ్రతలు కొలిచి, జెనీవా విశ్వవిద్యాలయంతో కలిసి వైద్యసేవా సంస్థ ఎంఎస్ఎఫ్ చేసిన పరీక్ష 2021లో వెలువడింది. 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలైనా ఇన్సులిన్ బలం తగ్గలేదు. అయితే కర్నూలులో వేసవికి 42 దాటుతుంది, రేకుల ఇంట్లో ఇంకా ఎక్కువ. ఫ్రిజ్ లేని ఇంటికి కుండలే దారి. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి తడుపుతూ ఉండాలి. సీసాను నీళ్ళు తగలని డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. నీరు ఆవిరైనకొద్దీ లోపల చల్లబడుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది కాబట్టి, కోస్తా ఉక్కపోతలో కంటే మన పొడి ఎండలో ఈ పద్ధతికి బలం ఎక్కువ. సిరంజి కూడా చూసుకోవాలి. సీసా మీద 40 యూనిట్లని ఉంటే ఎర్రమూత సిరంజి, 100 అని ఉంటే నారింజరంగు మూత సిరంజి. తారుమారైతే మోతాదు రెండింతలు పైనే తేడా వస్తుంది.

కర్నూలు, కడప, ఆదోని, ప్రొద్దుటూరుల్లో రంజాన్ నెలలో ఉపవాసం ఉండే షుగరు రోగులు ఎందరో. నెలవంక కనబడ్డాక కాదు, ఆరు వారాల ముందే డాక్టరును కలవాలి. మందుల వేళలు, మోతాదులు మార్చాల్సి ఉంటుంది. టైప్ 1 ఉన్నవాళ్ళు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళు, గర్భిణులు ఉపవాసం ఉండకపోవడమే క్షేమం. వేలు పొడిచి రక్తం చూసుకుంటే రోజా భంగం కాదని చాలామంది మతపెద్దలు ఒప్పుకున్నారు. 70 కిందికి పడినా 300 దాటినా ఉపవాసం విరమించాలి.

ఇక వలస. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే పంట కోతల పనికి, గుంటూరు మిరపతోటలకు పోతారు, బెంగుళూరు కట్టడం పనులకు పోతారు. మాత్రలు ఊళ్ళో నెలకొకసారి ఇస్తారు, సుగ్గి నెలల తరబడి సాగుతుంది. మధ్యలో మందు తెగిపోతుంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ లాంటివి ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా ఉచితంగా ఇచ్చే మందులే, అది గుంటూరు పల్లె అయినా సరే. అడగాలంటే చేతిలో చీటీ ఉండాలి. బయలుదేరే ముందు ఊరి ఏఎన్ఎమ్మను అడిగి మందు అసలు పేరు, మోతాదు, చివరి పరీక్ష అంకె, తేదీ ఒక కాగితం మీద రాయించుకుని, ఫోనులో ఫొటో కూడా తీసుకోవాలి. రాజంపేట, రాయచోటి నుంచి కువైట్‌కు ఇంటిపనులకు పోయే ఆడవాళ్ళకూ ఇదే. 2021 అంతర్జాతీయ లెక్కల ప్రకారం అక్కడి పెద్దవాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి షుగరు ఉంది కాబట్టి మందులు, డాక్టర్లు కొత్త కాదు. ఇబ్బంది సెలవు దొరకడంలోనే. మూడు నెలల మందు, ఆంగ్లంలో రాసిన డాక్టరు చీటీ వెంట ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని విమానంలో కిందేసే పెట్టెలో పెట్టకూడదు, అక్కడ గడ్డకట్టే ప్రమాదముంది. చేతిసంచిలోనే పెట్టుకుని, తనిఖీ దగ్గర ఆ చీటీ చూపించాలి.